బాలానగర్ నారుమడి

1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను లోకానికి ప్రకటించింది. మట్టిలోని సూక్ష్మజీవుల్లోంచి దాన్ని వెతికి పట్టుకున్నవాడు బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త. ఆయన పనిచేసిన పరిశోధన విభాగానికి పెద్ద, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. సుబ్బారావు ఆ ఏడాదే కన్నుమూశారు. పది పన్నెండేళ్ళు గడిచాక అమెరికా సెనేట్‌లో ఎస్టెస్ కెఫావర్ అధ్యక్షతన ఒక ఉపసంఘం మందుల ధరల మీద విచారణ జరిపింది. ఒకే మందు ఏ దేశంలో ఎంతకు అమ్ముతున్నారో పక్కపక్కన పెట్టి చూస్తే, ఆరియోమైసిన్ లాంటి మందులకు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ ధర చెల్లిస్తున్న దేశాల్లో భారతదేశం ఒకటని తేలింది. మనుషుల ఆదాయం అట్టడుగున, మందు ధర ఆకాశంలో. గోదావరి ప్రాంతపు మనిషి నడిపిన విభాగంలో పుట్టిన మందును గోదావరి ప్రాంతపు రోగి కొనలేడన్నమాట. తెలివి లేక వచ్చిన తిప్పలు కావివి. ఆ తెలివి పనిచేయడానికి ఇక్కడ ఫ్యాక్టరీలు లేవు, ఉన్న ఒకటీ అరా చేయబోయినా చట్టం అడ్డుపడేది.

విదేశీ సాంకేతికత రాజ్యమేలుతున్న చోట స్వదేశీ ప్రత్యామ్నాయాన్ని ప్రభుత్వం పనిగట్టుకుని పెంచాలా అన్న ప్రశ్న ఇవాళ చిప్పుల గురించీ, ఫోన్లలోని సాఫ్ట్‌వేర్ గురించీ, కృత్రిమ మేధ గురించీ మళ్ళీ లేచింది. పెంచాలనేవాళ్ళు దేశాభిమానం దగ్గర మొదలుపెడతారు. వద్దనేవాళ్ళు ప్రభుత్వరంగ సంస్థల నష్టాల చిట్టా విప్పుతారు. రెండు పక్షాల వాదనా గాలిలోనే తిరుగుతూ ఉంటుంది. హైదరాబాద్ నగరంలో మాత్రం ఈ ప్రయోగం ఇంచుమించు ఒకే కాలంలో, ఒకే ప్రభుత్వం చేతుల మీదుగా, రెండు చోట్ల జరిగింది. బాలానగర్ వైపు ఐ.డి.పి.ఎల్. మందులు చేసింది. కుషాయిగూడ వైపు ఇ.సి.ఐ.ఎల్. కంప్యూటర్లు చేసింది. మందుల సంస్థ మూతపడింది, కానీ దాని చుట్టూ ప్రపంచానికి మందులు పంపే పరిశ్రమ లేచింది. కంప్యూటర్ల సంస్థ ఇప్పటికీ నడుస్తోంది, కానీ అది చేసిన కంప్యూటర్ల వారసత్వం ఎక్కడా కనబడదు. ఈ తలకిందుల ఫలితం ఎందుకు వచ్చిందో తేల్చుకుంటే, ప్రభుత్వం దేన్ని పోషించాలి, ఎంతకాలం పోషించాలి అనే మాట కాస్త సూటిగా మాట్లాడుకోవచ్చు.

ముందు చట్టం సంగతి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా మనకు నడిచింది 1911 నాటి బ్రిటిష్ పేటెంట్ చట్టమే. పేటెంట్ గడువు 16 ఏళ్ళు. న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదికలో ఈ చట్టం మనకు చేస్తున్న మేలెంతో లెక్కగట్టారు. దేశంలో ఇచ్చిన పేటెంట్లలో 80 నుంచి 90 శాతం విదేశీయుల చేతుల్లో ఉన్నాయి. వాటిలో 90 శాతానికి పైగా ఇక్కడ ఉత్పత్తిలో పెట్టినవే కావు. అంటే పేటెంటు కాగితం ఇక్కడ, ఫ్యాక్టరీ అక్కడ. మనం చేయబోతే నోటీసు వస్తుంది, వాళ్ళు చేసి పంపింది వాళ్ళు చెప్పిన ధరకు కొనాలి. టాల్బుటమైడ్ అనే మధుమేహం మందు కేసు చూస్తే చాలు. బొంబాయిలోని ప్రభుత్వ పరిశోధనశాల హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ దాన్ని తయారుచేసే తన పద్ధతికి పేటెంటు తీసుకుంది, యూనికెమ్ కంపెనీ ఆ పద్ధతిలో మందు చేసింది. జర్మనీకి చెందిన హెక్స్ట్ కోర్టుకెక్కింది, బొంబాయి హైకోర్టు తీర్పు హెక్స్ట్ పక్షానే వచ్చింది. స్వేచ్ఛగా వదిలేస్తే బజారే అన్నీ చూసుకుంటుందనే వాళ్ళు ఈ కాలాన్ని ఒకసారి చూడాలి. అప్పుడు బజారు స్వేచ్ఛగానే ఉంది. 1970ల మొదట్లో మన మందుల అమ్మకాల్లో మూడింట రెండు వంతులకు పైగా విదేశీ కంపెనీలవే. వాటిలో చాలావాటికి ఇక్కడ చేసే పని అంటే, బయటి నుంచి తెచ్చిన పొడిని బిళ్ళలుగా వత్తి, సీసాల్లో పోసి, లేబులు అంటించడం. అసలు మందు పుట్టే రసాయన ప్రక్రియ మన నేల మీద జరగడానికి వాళ్ళకు తొందరేం లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు, అది వాళ్ళ వ్యాపారం.

ఈ నేపథ్యంలో కేంద్ర ప్రభుత్వం రెండు పనులు చేసింది. రెండూ ఒకదానికోసం ఒకటి చేసినట్టు కనిపించవు గానీ, కలిశాకే ఫలితం వచ్చింది. మొదటిది ఫ్యాక్టరీలు. పెన్సిలిన్ కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సాయంతో 1954లో పుణె దగ్గర పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ ఏర్పడింది. ఆ తర్వాత సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1961లో ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్, అంటే ఐ.డి.పి.ఎల్., పుట్టింది. దానికి మూడు శాఖలు: రిషీకేశ్‌లో యాంటీబయాటిక్స్, మద్రాసులో శస్త్రచికిత్స పరికరాలు, హైదరాబాద్‌లో సింథటిక్ మందులు. బాలానగర్‌లో ఫ్యాక్టరీ, పక్కనే కాలనీ, ఆసుపత్రి, బడి వెలిశాయి. సల్ఫా మందులు, విటమిన్లు, జ్వరం తగ్గించే మందులు టన్నుల లెక్కన తయారవడం మొదలైంది. సోవియట్ వాళ్ళిచ్చిన పద్ధతులు కొన్ని అప్పటికే పాతబడ్డాయని, యంత్రాలు మోటుగా ఉన్నాయని విమర్శలు వచ్చాయి. వాటిలో నిజం ఉంది. అయితే సోవియట్ ఒప్పందంలో ఒక సుగుణం ఉంది. పద్ధతి దాచలేదు. పొడి అమ్మి ఊరుకోకుండా, ఆ పొడి ఎలా వస్తుందో మొదటి మెట్టు నుంచీ నేర్పారు. ఇక హైదరాబాద్‌కు తనదైన సరంజామా ముందే ఉంది. నిజాం కాలంలో 1944లో మొదలైన పరిశోధనశాల తర్వాత సి.ఎస్.ఐ.ఆర్. కిందికి వచ్చి ప్రాంతీయ పరిశోధనశాల అయింది, ఇప్పుడు ఐ.ఐ.సి.టి. అంటున్నాం. ఉస్మానియాలో రసాయన సాంకేతిక శాఖ ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫార్మసీ పట్టభద్రుల్ని తయారుచేస్తోంది. రసాయనశాస్త్రం చదివిన కుర్రాళ్ళకు లెక్చరర్ ఉద్యోగం తప్ప మరో దారి కనబడని రోజుల్లో బాలానగర్ ఫ్యాక్టరీ వాళ్ళను పిలిచింది.

అక్కడ వాళ్ళు నేర్చుకున్నదేమిటో కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే వాదనంతా దాని మీదే నిలబడుతుంది. ఒక మందు అణువు చాలాసార్లు నాలుగైదు మెట్లలో తయారవుతుంది. ప్రయోగశాలలో గాజు కుప్పెలో 50 గ్రాములు చేయడం ఒక విద్య. అదే ప్రక్రియను రియాక్టర్‌లో టన్నుల మీద చేయడం పూర్తిగా వేరే విద్య. కుప్పెలో చేత్తో ఆడిస్తే చల్లబడే మిశ్రమం, రియాక్టర్‌లో వేడెక్కితే ఆపడం కష్టం. సాల్వెంట్ ఎంత వేగంగా పోయాలి, ఏ ఉష్ణోగ్రత దగ్గర స్ఫటికాలు కట్టనివ్వాలి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక మిగిలిన మదర్ లిక్కర్ అనే ద్రవంలోంచి ఇంకెంత మందు రాబట్టవచ్చు, వాడిన సాల్వెంట్‌ను స్వేదనం చేసి మళ్ళీ ఎంత వెనక్కి తెచ్చుకోవచ్చు, ఇవన్నీ షిఫ్టుల్లో నిలబడి నేర్చుకునేవి. పైగా లాభనష్టాలు ఇక్కడే తేలతాయి. ప్రతి మెట్టులోనూ 80 శాతం దిగుబడి వస్తే, అయిదు మెట్లు దాటేసరికి చేతికి చిక్కేది 33 శాతమే. అదే మెట్టుకు 90 శాతం రాబడితే చివరికి 59 శాతం మిగులుతుంది. ముడిసరుకు అదే, యంత్రం అదే, మందు మాత్రం దాదాపు రెట్టింపు. ఈ పది శాతం తేడా ఏ పేటెంట్ కాగితంలోనూ రాసి ఉండదు. చేసిన చేతుల్లో ఉంటుంది. ఐ.డి.పి.ఎల్. వార్షిక నివేదికలు ఉత్పత్తి టన్నుల్ని లెక్కగట్టాయి గానీ, ఈ చేతుల్ని ఏ ఆస్తి పట్టికలోనూ చూపలేదు.

ప్రభుత్వం చేసిన రెండో పని 1970 పేటెంట్ చట్టం. 1972 ఏప్రిల్ 20న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మందు అణువుకు పేటెంటు లేదు, దాన్ని తయారుచేసే పద్ధతికే ఉంటుంది. ఆ పద్ధతికైనా పేటెంట్ మంజూరైన నాటి నుంచి అయిదేళ్ళు లేదా దరఖాస్తు పెట్టిన నాటి నుంచి ఏడేళ్ళు, ఏది ముందైతే అది. దీని అసలు మహిమ చాలామంది అనుకున్నట్టు నకలుకు తలుపు తెరవడంలో లేదు. వేరే దారి కనిపెట్టినవాడికే బజారు దక్కుతుందని చెప్పడంలో ఉంది. ఒకే మందును పదిమంది చేస్తుంటే, మెట్టు తగ్గించినవాడో దిగుబడి పెంచినవాడో బతుకుతాడు. సరిగ్గా బాలానగర్‌లో నేర్పిన విద్యకే చట్టం ధర కట్టింది. తాడేపల్లిలో పసుపు పండించే రైతు కొడుకు అంజిరెడ్డి పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో డాక్టరేటు చేసి, 1969లో ఐ.డి.పి.ఎల్.లో చేరారు. 1970ల మధ్యలో బయటికొచ్చి భాగస్వాములతో యూనిలాయిడ్స్ పెట్టి మెట్రోనిడజోల్ చేశారు, ఆ తర్వాత స్టాండర్డ్ ఆర్గానిక్స్, 1984లో డాక్టర్ రెడ్డీస్. రక్తపోటు మందు మిథైల్‌డోపాను ఎగుమతి చేయడంతో ఆ కంపెనీ పేరు బయటి దేశాల్లో మొదటగా వినిపించింది. అమెరికా నుంచి తిరిగొచ్చిన మురళి దివి ఆయనతో కలిసి కొన్నేళ్ళు పనిచేసి 1990లో దివీస్ పెట్టారు. డాక్టర్ రెడ్డీస్‌లో పనిచేసిన పార్థసారథి రెడ్డి 1993లో హెటిరో పెట్టారు. పేర్లు తెలిసినవాళ్ళ సంగతి ఇది. పేరు తెలియని కెమిస్టులూ సూపర్‌వైజర్లూ ఫిట్టర్లూ జీడిమెట్ల షెడ్లలోకీ బొల్లారం ప్లాంట్లలోకీ వెళ్ళారు. నారుమడిలో పంట కోయరు. నారు పీకి వేరే మళ్ళలో నాటాక ఆ మడి బోసిగా కనిపిస్తుంది, చూసినవాడు ఇక్కడేమీ పండలేదంటాడు. ఐ.డి.పి.ఎల్.కు జరిగింది అదే.

ఈ మాటకు ఐ.డి.పి.ఎల్. లోపలే ఒక పరీక్ష ఉంది. రిషీకేశ్ శాఖ కూడా అదే ప్రభుత్వానిది, అదే సోవియట్ సాయం, హైదరాబాద్‌కు తీసిపోని పెట్టుబడి. అయినా రిషీకేశ్ చుట్టూ హైదరాబాద్ లాంటి బల్క్ డ్రగ్ పరిశ్రమ లేవలేదు. దాని పక్కన పెద్ద పరిశోధనశాల లేదు, రసాయన సాంకేతికత నేర్పే విశ్వవిద్యాలయాలు గుంపుగా లేవు, చిన్న పెట్టుబడిదారులకు షెడ్లిచ్చే పారిశ్రామిక వాడలు లేవు. ఇంకో కారణం ఆ విద్యలోనే ఉంది. యాంటీబయాటిక్స్ పులియబెట్టి చేస్తారు. పెద్దపెద్ద ట్యాంకులు కావాలి, క్షణం ఆగని కరెంటు కావాలి, మేలైన సూక్ష్మజీవి రకం చేతిలో ఉండాలి. నలుగురు మిత్రులు తలా కొంత వేసుకుని షెడ్డులో మొదలుపెట్టే వ్యవహారం కాదది. సింథటిక్ మందులు రెండు రియాక్టర్లు, ఒక సెంట్రిఫ్యూజ్, ఒక డ్రయర్‌తో మొదలవుతాయి. కాబట్టి ప్రభుత్వం ఫ్యాక్టరీ పెడితే చాలదు. అక్కడ నేర్చిన విద్య చిన్న పెట్టుబడితో బయట నాటుకోగలదా, నాటుకునే నేల చుట్టుపక్కల ఉందా అన్నది కూడా చూడాలి. ఈ సంగతి 1961లో ఎవరూ ఊహించి ఉండరు. హైదరాబాద్‌కు కలిసొచ్చింది కొంత అదృష్టమేనని ఒప్పుకోవాలి.

ఇప్పుడు కుషాయిగూడ వైపు. 1962 చైనా యుద్ధం తర్వాత ఎలక్ట్రానిక్స్‌లో మన పరాధీనత ఎంతో ప్రభుత్వానికి తెలిసొచ్చింది. హోమీ భాభా కమిటీ 1966లో ఇచ్చిన నివేదిక పదేళ్ళలో సొంతకాళ్ళ మీద నిలబడాలంది. 1967లో ఇ.సి.ఐ.ఎల్. పుట్టింది. దాన్ని నిలబెట్టిన ఎ.ఎస్. రావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు వాడు, స్టాన్‌ఫర్డ్‌లో చదివి భాభా దగ్గర పనిచేసినవాడు. నగరంలో ఆయన పేరుతో ఉన్న ఎ.ఎస్. రావు నగర్ అందరికీ తెలుసు. 1969లో ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, టి.డి.సి.-12, వచ్చింది. అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ 1965 నుంచి అమ్ముతున్న పి.డి.పి.-8 తరగతి యంత్రమది. తర్వాత టి.డి.సి.-312, టి.డి.సి.-316 వచ్చాయి. అప్పటి పరిస్థితిలో ఇది చిన్న విజయమేమీ కాదు. అప్పట్లో ఐ.బి.ఎం. ఇతర దేశాల్లో వాడి తీసేసిన 1401 యంత్రాల్ని బొంబాయిలో బాగుచేసి మనకు అద్దెకిచ్చేది. పాత సరుకుకు కొత్త అద్దె అని పార్లమెంటు కమిటీలు సైతం కోపగించుకున్న వ్యవహారం అది. కాబట్టి కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపంతో ప్రభుత్వం చేసిన పని వేరే దారి పట్టింది. కంప్యూటర్ దిగుమతి చేసుకోవాలంటే ఎలక్ట్రానిక్స్ శాఖ అనుమతి కావాలి. ఇ.సి.ఐ.ఎల్. ఇవ్వగలిగింది బయటి నుంచి ఎందుకు అని శాఖ అడుగుతుంది. ఫైలు తిరుగుతూ ఉంటుంది. విశ్వవిద్యాలయమైనా ఫ్యాక్టరీ అయినా ఎక్కువ డబ్బు పెట్టి, ఆలస్యంగా వచ్చే, పాతతరం యంత్రంతో సరిపెట్టుకోవాలి. మందుల్లో చట్టం పదిమందికి దారి తెరిచింది. కంప్యూటర్లలో లైసెన్సు ఒక్క సంస్థకు గోడ కట్టింది.

గోడ సంగతి ఒక్కటే చెప్తే లెక్క పూర్తికాదు. గురి కూడా వేరు. మందు అణువు కదలదు. 1960లో పారసిటమాల్ ఏదో 1990లోనూ పారసిటమాల్ అదే. దాని వెంట పదేళ్ళు పరుగెత్తి అందుకున్నా అందుకున్నట్టే, ఆ తర్వాత చౌకగా చేయడమే పోటీ. కంప్యూటర్ అలా నిలబడదు. ఇ.సి.ఐ.ఎల్. టి.డి.సి.-316ను ఒక కొలిక్కి తెచ్చేలోపే 1971లో ఇంటెల్ మైక్రోప్రాసెసర్ వచ్చి ఆ పోటీ నేలనే మార్చేసింది. 1970ల చివరికి చిన్న ప్రైవేటు కంపెనీలు బయటి నుంచి మైక్రోప్రాసెసర్ కొనుక్కుని ఇక్కడే కంప్యూటర్లు చేయడం మొదలుపెట్టాక, సొంతంగా కట్టిన ప్రాసెసర్‌కు విలువ లేకుండా పోయింది. 1978లో ఐ.బి.ఎం. దేశం వదిలి వెళ్ళిపోయింది. దాన్ని చాలామంది ఇప్పటికీ స్వదేశీ విజయంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో పనికొచ్చిన ముక్క వేరే కనిపిస్తుంది. ఐ.బి.ఎం. వదిలేసిన యంత్రాల మరమ్మతు బాధ్యత సి.ఎం.సి. అనే ప్రభుత్వ సంస్థ తలకెత్తుకుంది. రకరకాల కంపెనీల యంత్రాల్ని విప్పి చూసి, నడిపి, వాటి మీద పెద్ద వ్యవస్థలు కట్టడం నేర్చుకుంది. 1980ల మధ్యలో రైల్వే టికెట్ల రిజర్వేషన్‌ను కంప్యూటర్‌కెక్కించింది ఆ సంస్థే. వాడింది విదేశీ వాక్స్ యంత్రాలు, రాసింది మన ప్రోగ్రాములు. భారతీయ రైల్వే కోటాలు, క్లాసులు, వెయిటింగ్ లిస్టుల చిక్కుముడి ఏ విదేశీ సాఫ్ట్‌వేర్‌కూ అర్థం కాదు. స్వదేశీ ప్రత్యామ్నాయం నిజంగా అవసరమైన చోటు అదే, అక్కడ అది నిలిచింది. ఇ.సి.ఐ.ఎల్. కూడా నిలబడింది ఎక్కడంటే, అణు రియాక్టర్ల నియంత్రణ వ్యవస్థల్లో, ఎన్నికల ఓటింగ్ యంత్రాల్లో. బయట కొనుక్కోవడానికి మనసొప్పని సరుకు, ఏడాదికోసారి మారిపోని సరుకు, కొనేవాడు ప్రభుత్వమే అయిన సరుకు. అలాంటి చోట ఒకే సంస్థను పోషించినా పెద్ద నష్టం లేదు.

ఇక ఆక్షేపణల దగ్గరికొస్తే, మొదటిది నష్టాల గురించి. ఐ.డి.పి.ఎల్.ను 1992లో ఖాయిలా సంస్థగా ప్రకటించారు, 1996లో హైదరాబాద్, రిషీకేశ్‌లలో ఉత్పత్తి ఆగిపోయింది. అవసరానికి మించిన సిబ్బంది, ఢిల్లీ నుంచి వచ్చే నిర్ణయాలు, ప్రభుత్వమే నిర్ణయించిన అమ్మకం ధరలు, అన్నీ కలిసి దాన్ని ముంచాయి. దాని దగ్గర నేర్చుకున్నవాళ్ళే దానికన్నా చౌకగా చేసి పోటీకొచ్చారు. ఇంత డబ్బు పోయాక దీన్ని విజయమని ఎలా అంటారని అడిగేవాళ్ళకు నా జవాబు సగం ఒప్పుకోలే. 1970ల చివరికే ఐ.డి.పి.ఎల్. తన పని ముగించింది. ఆ తర్వాత దాన్ని ఒక శిక్షణ, పరిశోధన కేంద్రంగా మార్చాల్సింది, లేదా గౌరవంగా మూసేయాల్సింది. మరో పదిహేనేళ్ళు ఉత్పత్తి సంస్థగా లాగిన డబ్బు వృథాయే, అందులో కార్మికుల బతుకులు నలిగిపోవడం ఇంకా పెద్ద తప్పు. కానీ ఆ వృథా ఖర్చును మొదటి పదిహేనేళ్ళ ఖాతాలో రాయకూడదు. ఆ పదిహేనేళ్ళ పెట్టుబడికి వచ్చిన ఫలం ఐ.డి.పి.ఎల్. బాలెన్స్ షీటులో లేదు. 2001లో బొంబాయి కంపెనీ సిప్లా ఏడాదికి పది వేల డాలర్లు దాటిన ఎయిడ్స్ చికిత్సను 350 డాలర్లకు ఇస్తానని ప్రపంచాన్ని నివ్వెరపరిచింది. ఆ తర్వాతి ఏళ్ళలో ఆఫ్రికాకు ఆ మందులు పంపినవాళ్ళలో హెటిరో, అరబిందో లాంటి హైదరాబాద్ కంపెనీలు ముందువరసలో ఉన్నాయి. ఫలం అక్కడుంది.

రెండో ఆక్షేపణ నైతికమైనది: ఇతరులు కోట్లు పోసి కనుక్కున్న మందును దోచుకోవడం కాదా ఇది? ఈ మాట అనేవాళ్ళు జర్మనీ చరిత్ర చూడాలి. 1877 జర్మన్ పేటెంట్ చట్టం రసాయనాలకు పేటెంటు ఇవ్వలేదు, తయారీ పద్ధతికే ఇచ్చింది. బేయర్, హెక్స్ట్ లాంటి దిగ్గజాలు పెరిగింది ఆ చట్టం నీడలోనే. జర్మనీ అణువుకే పేటెంటు ఇవ్వడం 1968లో మొదలుపెట్టింది. జపాన్ 1976లో, స్విట్జర్లాండ్ 1977లో, ఇటలీ 1978లో. అందరూ తమ పరిశ్రమ ఎదిగాకే తలుపేశారు. మనం 1995 నాటి ప్రపంచ వాణిజ్య ఒప్పందం ప్రకారం 2005 జనవరి 1న వేశాం. ఈ ఆక్షేపణలో నన్ను ఇబ్బంది పెట్టే భాగం వేరే ఉంది. వేరే దారిలో చౌకగా చేయడం నేర్చుకున్న పరిశ్రమ, కొత్త అణువు కనిపెట్టే పరిశ్రమగా ఎదగలేకపోయింది. అంజిరెడ్డి స్వయంగా 1990లలో పరిశోధన సంస్థ పెట్టి, మధుమేహానికి చేసిన అణువుల్ని డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు ఇవ్వగలిగారు. మందుగా బజారుకొచ్చేదాకా అవి వెళ్ళలేదు. ఒకరి వెనక నడిచి నేర్చిన విద్య ముందు నడిచే విద్య కాదు, దానికి వేరే పెట్టుబడి, వేరే ఓపిక కావాలి. 1970 చట్టం అది ఇస్తానని ఎప్పుడూ చెప్పలేదు. దాన్ని ఇచ్చే విధానం ఆ తర్వాత ఎవరూ రాయకపోవడమే లోటు.

మూడో ఆక్షేపణకు నా దగ్గర సమాధానం లేదు, లెక్కలో కలుపుకోవడం తప్ప. చౌకగా చేయడంలో ఒక భాగం తెలివి, ఒక భాగం వ్యర్థాన్ని పక్కవాడి పొలంలోకి వదలడం. పటాన్‌చెరు, బొల్లారం ప్లాంట్ల నీళ్ళు ఇసుకవాగు, నక్కవాగుల్లో కలిసి చెరువుల్ని చంపాయి, బోర్లలో రంగు నీళ్ళు వచ్చాయి. రైతుల తరఫున 1990లో సుప్రీంకోర్టుకు వెళ్ళిన కేసు ఏళ్ళ తరబడి నడిచింది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనబడింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. శుద్ధి చేశాక వచ్చిన నీళ్ళ సంగతి ఇది. మందులకు లొంగని సూక్ష్మజీవులు అలాంటి వాగుల్లో తయారవుతాయి. ప్రపంచానికి చౌకగా మందు దొరికిందంటే, ఆ ధరలో కొంత సంగారెడ్డి వైపు పల్లెలు కట్టాయి. స్వదేశీ పరిశ్రమ అనగానే కాలుష్య మండలి చూసీచూడనట్టు ఉండాలనే సంప్రదాయం మనది. పోషించడమంటే చట్టం నుంచి మినహాయించడం కాదని మొదటి రోజే చెప్పి ఉండాల్సింది.

అన్నిటికన్నా చేదుగా తగిలేది చైనా ముచ్చట. పెన్సిలిన్‌ను పింప్రిలో, రిషీకేశ్‌లో సొంతంగా చేసుకున్న దేశం, దిగుమతి సుంకాలు తగ్గాక చైనా ధరలకు తట్టుకోలేక ఆ ప్లాంట్లను ఒక్కొక్కటే మూసుకుంది. అమాక్సిసిలిన్ లాంటి రోజూ వాడే మందులకు మూలమైన పెన్సిలిన్-జి కోసం చివరికి పూర్తిగా చైనా మీద ఆధారపడ్డాం. హైదరాబాద్ సింథటిక్ విద్య బతికింది, నాటుకోని రిషీకేశ్ విద్య చచ్చిపోయింది. సరిహద్దు గొడవలూ కరోనా కలిసి వచ్చిన 2020లో కేంద్రం మేల్కొని, 6,940 కోట్ల రూపాయలతో 41 ఉత్పత్తులకు ప్రోత్సాహకాల పథకం పెట్టింది. ఆ పథకం కింద అరబిందో అనుబంధ సంస్థ కాకినాడ జిల్లాలో పెన్సిలిన్-జి ప్లాంటు కట్టింది. ఈ పథకంలో ఐ.డి.పి.ఎల్.కూ ఇ.సి.ఐ.ఎల్.కూ ఎన్నడూ లేని ఒక షరతు ఉంది. పులియబెట్టి చేసే మందుల అమ్మకాల మీద మొదటి నాలుగేళ్ళు 20 శాతం, తర్వాతి ఏడాది 15, ఆ పై ఏడాది 5 శాతం ఇచ్చి, అక్కడితో ఆపేస్తారు. పైగా చేసి అమ్మితేనే డబ్బు. ఇంతవరకూ బాగానే ఉంది. పథకంలో లేనిది ఏమిటంటే, అప్పట్లో బాలానగర్‌లో ఉన్నది. ఆ ట్యాంకుల దగ్గర షిఫ్టులు చేసినవాళ్ళు రేపు బయటికొచ్చి మరో ప్లాంటు పెట్టుకునేంత విద్య అక్కడ నేర్చుకుంటారా? మేలైన సూక్ష్మజీవి రకాల్ని పెంచి, చిన్నవాళ్ళకు కూడా ఇచ్చే ప్రభుత్వ పరిశోధనశాల పక్కన ఉందా? చైనా వాళ్ళు ధర ఇంకా దించితే ఆరేళ్ళ తర్వాత ఆ ప్లాంటును నిలబెట్టేది సుంకమా, దిగుబడా? ఈ మూడో ప్రశ్నకు జవాబు మొదటి రెండింటిలోనే ఉంటుంది. వాటి మీద ఎంత ఖర్చు పెడుతున్నామో మాత్రం ఆ 6,940 కోట్ల పద్దులో ఎక్కడా కనబడదు.